మోటారు హోము పెట్రోలు ఇంజను ముందస్తు నిర్వహణ

'''మోటారు హోము పెట్రోలు ఇంజను ముందస్తు నిర్వహణ''' అనగా పెట్రోలుతో నడిచే మోటారు హోము ఇంజను చెడిపోయిన తరువాత బాగుచేయించడం కాక, చెడిపోకముందే దాని భాగాలను, ద్రవాలను నియమిత కాలానికి పరీక్షించి మార్చే పద్ధతి. పడక, వంటగది, స్నానాల గది వంటి వసతులతో, నివాసానికి అనువుగా నిర్మించిన వాహనాన్ని మోటారు హోము అంటారు. ఇది దారిలో ఆగిపోతే ప్రయాణంతో పాటు ఆ కుటుంబపు తాత్కాలిక నివాసం కూడా ఆగిపోతుంది. పలు నమూనాలలో ఇంజను మనుషులు కూర్చునే గదికి ఆనుకొని ఉండటం వలన పెట్రోలు కారినా, పొగగొట్టం పగిలినా ప్రాణాపాయం కలుగవచ్చు. ఈ కారణాల వలన, ముఖ్యంగా ఎక్కువ దూరం తిరిగిన పాత వాహనాలలో, ముందస్తు నిర్వహణకు ప్రాధాన్యత ఉంది.

సాధారణ కారు నిర్వహణకు, దీనికి ఒక ముఖ్యమైన తేడా ఉంది. కారు సర్వీసును ఎక్కువగా తిరిగిన దూరాన్ని బట్టి లెక్కిస్తారు. మోటారు హోము ఏడాదిలో చాలా నెలలు కదలకుండా ఉంటుంది. కాబట్టి దాని ఇంజనుకు దూరంతో పాటు వయస్సు, ఖాళీగా నిలిచిన కాలం, మోసిన బరువు కూడా లెక్కలోకి వస్తాయి.

== నేపథ్యం ==

మోటారు హోములు అమెరికా సంయుక్త రాష్ట్రాలలోను, కెనడాలోను విస్తారంగా వాడుకలో ఉన్నాయి. అయోవా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీకి చెందిన విన్నెబాగో సంస్థ 1966లో వీటి తయారీ మొదలుపెట్టింది. ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పరిసరాలు ఈ పరిశ్రమకు ప్రధాన కేంద్రం.

అమెరికాలో మోటారు హోములను మూడు తరగతులుగా విభజిస్తారు.

* '''ఏ తరగతి''': బస్సు ఆకారంలో ఉండే పెద్ద వాహనం. ఖాళీ చాసిస్ మీద మొత్తం బాడీని కొత్తగా నిర్మిస్తారు.
* '''బీ తరగతి''': మామూలు వ్యాను లోపలి భాగాన్ని నివాసయోగ్యంగా మార్చినది.
* '''సీ తరగతి''': వ్యాను ముందు భాగాన్ని అలాగే ఉంచి, వెనుక ఇంటి భాగాన్ని నిర్మించినది. అద్దెకు ఇచ్చే వాహనాలలో ఈ తరగతి ఎక్కువ.

ఇంటి భాగాన్ని కట్టే సంస్థ సాధారణంగా ఇంజనును తయారుచేయదు. ఇంజను అమర్చిన చాసిస్‌ను ఫోర్డ్, జనరల్ మోటార్స్ వంటి సంస్థల నుండి కొని, దాని మీద బాడీ నిర్మిస్తుంది. అందువలన మోటారు హోముకు రెండు రకాల పుస్తకాలు ఉంటాయి: ఒకటి ఇంటి భాగానికి, మరొకటి చాసిస్‌కు. ఆయిలు గ్రేడు, స్పార్కు ప్లగ్గు రకం, బిగింపు కొలతలు వంటి వివరాలు చాసిస్ పుస్తకంలో ఉంటాయి. పాత వాహనం కొన్నవారికి చాలాసార్లు ఇంటి పుస్తకం మాత్రమే దొరుకుతుంది. అటువంటప్పుడు చాసిస్ పుస్తకాన్ని విడిగా సంపాదించుకోవాలి.

=== ముఖ్యమైన పెట్రోలు ఇంజనులు ===

* '''ఫోర్డ్ 460''' (7.5 లీటర్లు, వీ8): 1990ల చివరి వరకు వాడుకలో ఉన్న ఇనుప బ్లాకు ఇంజను.
* '''ఫోర్డ్ ట్రైటన్ వీ10''' (6.8 లీటర్లు): 1997లో వచ్చింది. మొదట సిలిండరుకు రెండు కవాటాలు, 2000ల మధ్యకాలం నుండి మూడు కవాటాలు ఉన్న రకాలు వచ్చాయి. ఎఫ్-53 అనే ఏ తరగతి చాసిస్‌లోను, ఈ-సిరీస్ అనే సీ తరగతి చాసిస్‌లోను దీనిని విరివిగా వాడారు.
* '''ఫోర్డ్ 7.3 లీటర్ల వీ8''': 2020 మోడలు సంవత్సరం నుండి వీ10 స్థానంలో వస్తున్నది.
* '''షెవ్రోలే 454''' (7.4 లీటర్లు, వీ8): 1970 నుండి 2000 వరకు తయారైంది.
* '''షెవ్రోలే 8.1 లీటర్ల వీ8''': 2001 నుండి 454 స్థానాన్ని ఆక్రమించింది.
* '''డాడ్జ్ 440''' (7.2 లీటర్లు, వీ8): 1970ల నాటి మోటారు హోములలో కనిపిస్తుంది.

ఇవి కాక, 1973 నుండి 1978 వరకు తయారైన జీఎంసీ మోటారు హోములో ముందు చక్రాలను నడిపే ఓల్డ్స్‌మొబైల్ ఇంజనును వాడారు. ఈ వాహనాలను శ్రద్ధగా నడుపుకుంటున్న అభిమానులు నేటికీ ఉన్నారు.

== మోటారు హోము ఇంజను ప్రత్యేకతలు ==

=== బరువు ===

ఎఫ్-53 చాసిస్ మీద నిర్మించిన వాహనాల గరిష్ఠ అనుమతి బరువు నమూనాను బట్టి సుమారు 7,250 కిలోల నుండి 11,800 కిలోల వరకు ఉంటుంది. వెనుక ఒక కారును కూడా లాక్కుపోవడం అక్కడ సాధారణం. దీనికి తోడు వాహనం ముందు భాగం గోడలా నిలువుగా ఉండి గాలిని ఎదుర్కొంటుంది. ఫలితంగా ఇంజను ఎక్కువ సమయం తన శక్తిలో అధిక భాగాన్ని వినియోగిస్తూ నడుస్తుంది. లీటరు పెట్రోలుకు సుమారు 2.5 నుండి 4 కిలోమీటర్లు మాత్రమే రావడం దీనికి నిదర్శనం. తయారీదారుల పుస్తకాలలో «సాధారణ వాడకం», «కఠిన వాడకం» అని రెండు పట్టికలు ఉంటాయి. మోటారు హోముకు కఠిన వాడకం పట్టికే వర్తిస్తుంది.

=== ఖాళీగా నిలిచి ఉండటం ===

కదలని ఇంజను అరగదు కానీ పాడవుతుంది. సిలిండరు గోడల మీద ఉన్న ఆయిలు పొర క్రిందికి జారిపోతుంది. లోపలి తేమ వలన తుప్పు పడుతుంది. రబ్బరు గొట్టాలు, సీళ్ళు ఎండి గట్టిపడతాయి. ట్యాంకులోని పెట్రోలు పాతబడి జిగురు కడుతుంది. ఎలుకలు గాలి ఫిల్టరు పెట్టెలో గూళ్ళు కట్టి, వైర్లను కొరికివేస్తాయి.

=== ఇంజను ఉండే చోటు ===

ముందు ఇంజను గల ఏ తరగతి వాహనాలలో ఇంజను డ్రైవరు సీటుకు, పక్క సీటుకు మధ్య, ఒక మూత క్రింద ఉంటుంది. సీ తరగతిలో కూడా ఇంజనులో కొంత భాగం ముందు సీట్ల మధ్యకు చొచ్చుకొని వస్తుంది. గాలి ఆడే చోటు తక్కువ కావడం వలన అక్కడ వేడి ఎక్కువ. ఈ వేడికి వైర్లు, గొట్టాలు, ప్లాస్టిక్ భాగాలు కారులో కంటే త్వరగా పెళుసెక్కుతాయి. పైగా పనిచేయడానికి ఇరుకు కాబట్టి, చేతికి అందని భాగాలను తనిఖీ చేయకుండా వదిలివేసే అవకాశం ఎక్కువ.

== ఎక్కువ మైళ్ళు తిరిగిన వాహనం ==

ఎన్ని మైళ్ళు తిరిగితే «ఎక్కువ» అనే దానికి నిర్దిష్టమైన ప్రమాణం లేదు. ఏడాదికి కొద్ది వేల మైళ్ళే తిరిగే వాహనం కాబట్టి, లక్ష మైళ్ళు (సుమారు 1,61,000 కి.మీ.) దాటిన పెట్రోలు మోటారు హోమును కొనుగోలుదారులు ఎక్కువ తిరిగినదిగానే భావిస్తారు. అయితే మీటరు మీది అంకె ఒక్కటే ఇంజను స్థితిని తెలుపదు. ఇరవై ఏళ్ళలో ఇరవై వేల మైళ్ళు మాత్రమే తిరిగి, మిగిలిన కాలమంతా ఎండలో నిలిచిన వాహనం కన్నా, క్రమంగా సర్వీసు పొందుతూ లక్ష మైళ్ళు తిరిగిన అద్దె వాహనం మెరుగైన స్థితిలో ఉండవచ్చు. మొదటి వాహనంలో ఇంజను లోపలి అరుగుదల తక్కువే అయినా, గొట్టాలు, బెల్టులు, కూలెంటు అన్నీ ఇరవై ఏళ్ళ నాటివే అయి ఉంటాయి.

=== స్థితి అంచనా ===

పాత వాహనం కొన్నప్పుడు, లేదా సర్వీసు రికార్డులు లేనప్పుడు ముందుగా ఈ క్రింది పరీక్షలు చేయిస్తారు.

* '''కంప్రెషను పరీక్ష''': ప్రతి సిలిండరు ఎంత పీడనం ఇస్తున్నదో కొలుస్తారు. ఒక సిలిండరు మిగిలిన వాటి కంటే బాగా తక్కువ చూపితే రింగులు, కవాటాలు లేదా హెడ్ గాస్కెట్టును అనుమానించాలి.
* '''లీకు పరీక్ష''': సిలిండరులోకి గాలిని ఎక్కించి అది ఎక్కడి నుండి పోతున్నదో గమనిస్తారు. ఆయిలు పోసే మూత వద్ద చప్పుడు వస్తే రింగులు, సైలెన్సరు వైపు వస్తే ఎగ్జాస్టు కవాటం, రేడియేటరులో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్టు లోపంగా భావిస్తారు.
* '''వాక్యూం పరీక్ష''': ఆరోగ్యంగా ఉన్న ఇంజను సముద్రమట్టం వద్ద నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు సాధారణంగా 17 నుండి 21 అంగుళాల పాదరస వాక్యూం స్థిరంగా చూపుతుంది. ఎత్తుకు పోయేకొద్దీ, ప్రతి వెయ్యి అడుగులకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది.
* '''ఆయిలు విశ్లేషణ''': తీసిన పాత ఆయిలు నమూనాను ప్రయోగశాలకు పంపుతారు. సీసం, రాగి ఎక్కువగా ఉంటే బేరింగుల అరుగుదలను, ఇనుము సిలిండరు గోడలు, క్యాం షాఫ్టు వంటి భాగాల అరుగుదలను, సిలికాన్ దుమ్ము చొరబాటును, సోడియం, పొటాషియం కూలెంటు లీకును సూచిస్తాయి. ఒక్కసారి వచ్చిన అంకెల కంటే, వరుస పరీక్షలలో కనిపించే మార్పు ఎక్కువ విషయం తెలుపుతుంది.
* '''కోడ్ రీడరు''': కంప్యూటరు నియంత్రణ గల ఇంజనులలో నమోదైన లోపాలను చిన్న పరికరంతో చదువవచ్చు.

రికార్డులు లేని వాహనంలో ద్రవాలు, ఫిల్టర్లు, బెల్టులు, గొట్టాలు అన్నిటినీ ఒకేసారి మార్చి, ఆ తేదీని, మీటరు అంకెను ఒక పుస్తకంలో వ్రాసుకోవడం మంచి పద్ధతి. అక్కడి నుండి లెక్క కొత్తగా మొదలవుతుంది.

== నిర్వహణ విభాగాలు ==

=== ఇంజను ఆయిలు ===

ఆయిలును తయారీదారు చెప్పిన దూరానికి లేదా ఏడాదికి, ఏది ముందయితే అప్పుడు మార్చాలి. కఠిన వాడకంలో ఈ దూరం సాధారణంగా 3,000 నుండి 5,000 మైళ్ళ మధ్య ఉంటుంది. ఏడాదిలో వెయ్యి మైళ్ళే తిరిగినా ఆయిలు మార్చడం అవసరం. ఎందుకంటే ఇంజను మండించిన పెట్రోలు నుండి నీటి ఆవిరి, ఆమ్లాలు ఆయిలులో చేరతాయి. దూర ప్రయాణంలో ఆయిలు బాగా వేడెక్కినప్పుడు నీరు ఆవిరై పోతుంది. పది నిమిషాలు స్టార్టు చేసి ఆపివేసే ఇంజనులో అది అలాగే నిలిచిపోతుంది.

ఫోర్డ్ వీ10కు 5డబ్ల్యూ-20 గ్రేడు ఆయిలును నిర్దేశించారు. నమూనాను బట్టి ఆరు లేదా ఏడు క్వార్టులు పడుతుంది. పాత 454, 460, డాడ్జ్ 440 వంటి ఇంజనుల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. వీటిలో పలు నమూనాల క్యాం షాఫ్టు మీద ట్యాపెట్లు రోలరు లేకుండా నేరుగా రాసుకుంటూ తిరుగుతాయి. ఆ ఒరిపిడిని తట్టుకోవడానికి ఆయిలులో జింకు, భాస్వరం గల రసాయనం ఉండాలి. ఈ భాస్వరం పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టరును దెబ్బతీస్తుంది. కాబట్టి 2004లో వచ్చిన ఏపీఐ ఎస్‌ఎం ప్రమాణంలో 5డబ్ల్యూ-30 వంటి పలుచని గ్రేడులకు భాస్వరాన్ని 0.08 శాతానికి పరిమితం చేశారు. అటువంటి పాత ఇంజనులకు జింకు తగినంత ఉన్న ఆయిలును చూసి ఎంచుకోవాలి.

ఎక్కువ మైళ్ళు తిరిగిన ఇంజనుల కోసం ప్రత్యేక ఆయిళ్ళు కూడా లభిస్తాయి. వాల్వొలీన్ సంస్థ 2000లో ఈ తరహా ఆయిలును ప్రవేశపెట్టింది. వీటిలో ఎండిపోయిన రబ్బరు సీళ్ళను కొద్దిగా మెత్తబరిచే పదార్థాలు ఉంటాయి. చిన్న చెమరింపులు వీటివలన తగ్గవచ్చు కానీ, చిరిగిన సీలు, అరిగిన బేరింగు బాగుపడవు.

పెద్ద ఇంజను కొద్దిగా ఆయిలు తాగడం అసాధారణం కాదు. ప్రతిసారి పెట్రోలు పోయించినప్పుడు, వాహనాన్ని సమతలంగా నిలిపి, డిప్ స్టిక్కుతో ఆయిలు మట్టం చూసుకోవాలి. ఎంత దూరానికి ఎంత ఆయిలు తగ్గుతున్నదో వ్రాసుకుంటే, తాగుడు పెరిగినప్పుడు వెంటనే తెలుస్తుంది.

=== శీతలీకరణ వ్యవస్థ ===

మోటారు హోముకు ఎండకాలంలో, ఘాట్ రోడ్లలో ఎక్కువగా ఎదురయ్యే సమస్య ఇంజను వేడెక్కడం. ఒకసారి అతిగా వేడెక్కితే సిలిండరు హెడ్డు వంకరపోయి, గాస్కెట్టు కాలిపోయి, మొత్తం ఇంజను మార్చవలసిన పరిస్థితి రావచ్చు. ఈ విభాగం మీద పెట్టే ఖర్చు దానితో పోల్చితే స్వల్పం.

'''కూలెంటు''': ఇథిలీన్ గ్లైకాల్, శుద్ధజలం సమపాళ్ళలో కలిపిన మిశ్రమం సుమారు మైనస్ 37 °సెం. వరకు గడ్డకట్టదు. 15 పౌండ్ల పీడనం నిలిపే రేడియేటరు మూత ఉంటే అది సుమారు 129 °సెం. వరకు మరగదు. మూతలోని స్ప్రింగు, రబ్బరు బలహీనపడితే ఈ మరుగు స్థానం పడిపోతుంది. కూలెంటులో ఉండే తుప్పు నిరోధక రసాయనాలు కాలక్రమంలో ఖర్చయిపోతాయి. పాత పచ్చ రకాన్ని రెండు మూడేళ్ళకు ఒకసారి, దీర్ఘకాల రకాన్ని సుమారు అయిదేళ్ళకు ఒకసారి మారుస్తారు. వేర్వేరు రకాలను కలుపరాదు. రంగును బట్టి రకాన్ని నిర్ణయించడం కూడా సరికాదు, ఎందుకంటే రంగులకు అన్ని సంస్థలు పాటించే ఒకే నియమం లేదు.

'''గొట్టాలు''': రేడియేటరు గొట్టాలు బయటికి బాగున్నట్లు కనిపించినా, బిగింపు క్లిప్పుల దగ్గర లోపలి నుండి చీలికలు పడతాయి. చల్లారిన ఇంజనులో గొట్టం చివరలను వేళ్ళతో నొక్కి చూడాలి. మధ్యలో గట్టిగా, చివర మెత్తగా తగిలితే మార్చవలసిందే. హీటరు గొట్టాలను మరువరాదు. కొన్ని మోటారు హోములలో ఇవి వెనుకనున్న నీళ్ళు కాచే తొట్టి వరకు పొడవుగా వెళతాయి.

'''బెల్టులు''': పాత నియోప్రీన్ బెల్టులకు పగుళ్ళు కనిపించేవి. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు బెల్టులు పగుళ్ళు లేకుండానే, టైరులాగా అరిగిపోతాయి. వీటి గాడుల లోతును చిన్న కొలబద్దతో పరీక్షించాలి. బెల్టు మార్చేటప్పుడు దానిని బిగించే టెన్షనరును, కప్పీలను తిప్పి చూసి, గరగరమంటే వాటినీ మార్చాలి. తీసిన పాత బెల్టు వాడదగ్గదిగా ఉంటే వాహనంలోనే ఉంచుకోవడం పలువురి అలవాటు.

'''ఫ్యాను క్లచ్చి''': ఇంజను వేడెక్కినప్పుడు ఫ్యానును వేగంగా తిప్పి, చల్లబడినప్పుడు వదిలివేసే భాగం. ఇందులోని సిలికోన్ ద్రవం కారిపోతే ఫ్యాను తగినంత వేగంగా తిరగదు. కొండ ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత పెరిగినా ఫ్యాను హోరు వినబడకపోవడం దీని లక్షణం.

'''నీటి పంపు, థర్మోస్టాటు''': పంపు క్రింద ఉండే చిన్న రంధ్రం నుండి కూలెంటు కారుతుంటే లోపలి సీలు పోయినట్లు. థర్మోస్టాటు చవకైన భాగం కాబట్టి, కూలెంటు మార్చినప్పుడు దానిని కూడా మార్చడం మేలు. థర్మోస్టాటును తీసివేసి నడిపితే ఇంజను చల్లగా ఉంటుందనే అభిప్రాయం సరికాదు. అలా చేస్తే ఇంజను తగిన వేడికి చేరక, ఆయిలులో తేమ, మడ్డి పెరుగుతాయి.

=== ఇంధన వ్యవస్థ ===

ఎఫ్-53 వంటి చాసిస్‌లలో ట్యాంకు 75 గాలన్లు (సుమారు 284 లీటర్లు) లేదా అంతకు మించి పడుతుంది. నెలల తరబడి నిలిచిన పెట్రోలు సమస్యలకు మూలం. అమెరికాలో సాధారణంగా అమ్మే పెట్రోలులో 10 శాతం ఇథనాలు ఉంటుంది. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది. తేమ ఒక హద్దు దాటితే నీరు, ఇథనాలు కలిసి పెట్రోలు నుండి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. 15 శాతం ఇథనాలు గల పెట్రోలును 2001 తరువాతి తేలికపాటి వాహనాలకు మాత్రమే అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ అనుమతించింది. భారీ చాసిస్ మీద నిర్మించిన మోటారు హోములకు ఆ అనుమతి లేదు. బంకులో పంపు మీది లేబులు చదివి పోయించుకోవాలి.

ఇథనాలు రాకముందు తయారైన రబ్బరు ఇంధన గొట్టాలు దీనివలన మెత్తబడి, పగుళ్ళిచ్చి కారుతాయి. వేడి ఎగ్జాస్టు భాగాల దగ్గర పెట్రోలు కారడం వాహనం తగలబడటానికి దారితీస్తుంది. 1970లు, 80ల నాటి మోటారు హోములలో ఇంజను దగ్గరి గొట్టాలే కాక, ట్యాంకు పైన కనిపించకుండా ఉండే గొట్టాలను కూడా మార్చాలి. ఫ్యూయెల్ ఇంజెక్షను ఉన్న ఇంజనుకు అధిక పీడనాన్ని తట్టుకొనే రకం గొట్టాన్ని మాత్రమే వాడాలి. కార్బురేటరు గొట్టం ఆ పీడనానికి పనికిరాదు. పెట్రోలు వాసన వచ్చినప్పుడు కారణం తెలిసేవరకు వాహనాన్ని నడపరాదు.

=== ఇగ్నిషను ===

పాత 454, 460 ఇంజనులలో డిస్ట్రిబ్యూటరు మూత, రోటరు, ప్లగ్గు వైర్లు వేడికి త్వరగా పాడవుతాయి. కొత్త ఇంజనులలో ప్రతి ప్లగ్గు మీద విడిగా ఒక కాయిలు ఉంటుంది. కాయిలు క్రింది రబ్బరు తొడుగు చిట్లితే, బరువు లాగేటప్పుడు ఇంజను కొట్టుకుంటూ నడుస్తుంది. ప్లగ్గులను సాధారణ వాడకంలో లక్ష మైళ్ళకు మార్చమన్న సంస్థలు కూడా కఠిన వాడకంలో సుమారు 60,000 మైళ్ళకే మార్చమంటాయి.

ఫోర్డ్ వీ10 ప్లగ్గుల విషయంలో రెండు ప్రసిద్ధమైన సమస్యలు ఉన్నాయి. తొలి రెండు కవాటాల ఇంజనులలో అల్యూమినియం హెడ్డులో ప్లగ్గును పట్టి ఉంచే మరలు తక్కువ. అందువలన ప్లగ్గు వదులై బయటికి ఎగిరిపోయిన సంఘటనలు ఉన్నాయి. తరువాతి హెడ్డులలో మరల సంఖ్య పెంచారు. మరలు పోయిన హెడ్డులో లోహపు ఇన్సర్టు అమర్చి బాగుచేయవచ్చు. ఇక మూడు కవాటాల ఇంజనులలో తొలినాళ్ళ ప్లగ్గు రెండు ముక్కలుగా అతికినది. దాని చివర కార్బనుతో పట్టుకొనిపోయి, విప్పేటప్పుడు విరిగి లోపలే ఉండిపోయేది. దీనిని నివారించడానికి ప్లగ్గును కొద్దిగా వదులు చేసి, కార్బనును కరిగించే ద్రవం పోసి నానబెట్టి, ముందుకు వెనుకకు కొద్దికొద్దిగా తిప్పుతూ తీస్తారు. ఏ అల్యూమినియం హెడ్డులోనైనా ఇంజను చల్లారిన తరువాతనే ప్లగ్గులు విప్పి, టార్కు రెంచితో చెప్పిన కొలతకు బిగించాలి.

=== గాలి మార్గం ===

గాలి ఫిల్టరును దుమ్మును బట్టి మారుస్తారు. ప్రతి సీజను మొదట్లో పెట్టె తెరిచి ఎలుక గూళ్ళు లేవని నిర్ధారించుకోవాలి. ఇంజను లోపలి ఆవిరిని తిరిగి గాలి మార్గంలోకి పంపే పీసీవీ వాల్వును, దాని రబ్బరు గొట్టాన్ని పరీక్షించాలి. వీ10లో ఈ గొట్టపు వంపు వేడికి పగిలి, లెక్కకు రాని గాలి లోపలికి చేరుతుంది. కోడ్ రీడరులో పీ0171, పీ0174 అనే లోపాలు కనిపించినప్పుడు, ఖరీదైన సెన్సరులు మార్చే ముందు ఈ చవక గొట్టాన్ని చూడటం మంచిది.

=== ఎగ్జాస్టు ===

అధిక భారం వలన ఎగ్జాస్టు మానిఫోల్డులు ఎర్రబడేంతగా కాగుతాయి. మానిఫోల్డు వంగడం, పగలడం, దానిని పట్టి ఉంచే స్టడ్డులు తుప్పుపట్టి విరగడం ఎక్కువ మైళ్ళ వాహనాలలో తరచుగా కనిపిస్తాయి. చల్లటి ఇంజను స్టార్టు చేయగానే టిక్ టిక్ మని చప్పుడు వచ్చి, వేడెక్కాక తగ్గిపోవడం దీని తొలి లక్షణం. ఈ లీకు నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. అది సీట్ల మధ్యనున్న ఇంజను మూత సందుల ద్వారా లోపలికి చేరగలదు. మూత చుట్టూ ఉండే రబ్బరు పట్టీ చెక్కుచెదరకుండా ఉండాలి. లోపల కార్బన్ మోనాక్సైడు హెచ్చరిక పరికరం పనిచేస్తూ ఉండాలి. ఈ పరికరాలకు కూడా గడువు తేదీ ఉంటుంది.

== నిర్వహణ కాలపట్టిక ==

క్రింది పట్టిక సాధారణ అవగాహన కొరకు మాత్రమే. ఆయా చాసిస్ పుస్తకంలోని అంకెలే ప్రమాణం.

| అంశం | ఎప్పుడు |
|---|---|
| ఆయిలు, కూలెంటు మట్టాలు. క్రింద లీకులు | ప్రతి ప్రయాణానికి ముందు |
| ఆయిలు, ఆయిలు ఫిల్టరు మార్పు | 3,000–5,000 మైళ్ళు లేదా ఏడాది |
| బెల్టులు, గొట్టాలు, ఎగ్జాస్టు తనిఖీ | ఏడాదికి ఒకసారి |
| గాలి ఫిల్టరు తనిఖీ | సీజను మొదట్లో |
| ఫ్యూయెల్ ఫిల్టరు మార్పు | పుస్తకం ప్రకారం; పెట్రోలు పాతబడితే ముందే |
| కూలెంటు మార్పు | రకాన్ని బట్టి 2–5 ఏళ్ళు |
| థర్మోస్టాటు, రేడియేటరు మూత | కూలెంటుతో పాటు |
| స్పార్కు ప్లగ్గులు | సుమారు 60,000 మైళ్ళు |
| రబ్బరు ఇంధన గొట్టాలు | వయస్సును బట్టి. పగుళ్ళు, వాసన ఉంటే వెంటనే |

== నిల్వ ఉంచే పద్ధతి ==

శీతాకాలానికి వాహనాన్ని నిలిపే ముందు ఆయిలు మార్చాలి. నిల్వ తరువాత మారుద్దామనుకుంటే, పాత ఆయిలులోని ఆమ్లాలు అన్ని నెలలూ బేరింగుల మీద పనిచేస్తాయి. పెట్రోలులో స్టెబిలైజరు అనే నిల్వ ద్రవం కలిపి, అది ఇంజను వరకు చేరేలా కొంత దూరం నడిపి, ట్యాంకు దాదాపు నింపి ఉంచాలి. కూలెంటు అక్కడి చలికి సరిపడా ఉన్నదో లేదో పరికరంతో కొలవాలి. బ్యాటరీ వోల్టేజి 12.4 కంటే పడిపోకుండా చూసుకోవాలి.

నిల్వలో ఉన్నప్పుడు నెలకొకసారి నిలిచిన చోటనే పది నిమిషాలు ఇంజను తిప్పడం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఇంజను పూర్తిగా వేడెక్కేలా అరగంటకు పైగా రోడ్డు మీద నడపాలి, లేదా అసలు కదపకుండా సరైన విధంగా నిల్వ చేయాలి. అదే ట్యాంకు నుండి పెట్రోలు తీసుకొనే జనరేటరును మాత్రం నెలకు రెండు గంటల పాటు సగం భారంతో నడపాలని తయారీదారులు సూచిస్తారు. లేకుంటే కార్బురేటరులో జిగురు కడుతుంది.

== కొండదారులలో నడక ==

నిర్వహణ ఎంత బాగున్నా, నడిపే తీరు ఇంజను ఆయుష్షు మీద ప్రభావం చూపుతుంది. కొలరాడో రాష్ట్రంలో 70వ అంతర్రాష్ట్ర రహదారి మీది ఐసన్‌హోవర్ సొరంగం సుమారు 11,158 అడుగుల (3,401 మీటర్ల) ఎత్తున ఉంది. టర్బో లేని పెట్రోలు ఇంజను ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. అంటే అక్కడకు చేరేసరికి దాదాపు మూడో వంతు శక్తి తగ్గుతుంది. కాలిఫోర్నియాలో 5వ అంతర్రాష్ట్ర రహదారి మీద తెహోన్ కనుమకు ఎక్కే గ్రేప్‌వైన్ వాలు కూడా వేసవిలో ఇంజనులకు పరీక్షే.

ఎక్కేటప్పుడు గేరు తగ్గించి, ఇంజనును వేగంగా తిరగనివ్వాలి. వీ10 వంటి ఇంజను 4,000 చుట్లు దాటి తిరగడం వినడానికి భయం కలిగించినా, అది దాని రూపకల్పనలో భాగమే. తక్కువ చుట్లతో పెద్ద గేరులో ఈడ్చడం వలన వేడి, గేరు బాక్సు మీద భారం పెరుగుతాయి. ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటరు పెట్టి, వేగం తగ్గించాలి. అయినా తగ్గకపోతే సురక్షితమైన చోట ఆపాలి. వేడిగా ఉన్న రేడియేటరు మూతను ఎట్టి పరిస్థితులలోను తెరువరాదు.

== పర్యావరణం, భద్రత ==

తీసిన ఆయిలును నేల మీద, కాలువలలో పోయరాదు. ఒక గాలను వాడిన ఆయిలు పది లక్షల గాలన్ల మంచినీటిని కలుషితం చేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరించింది. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం కావడం వలన పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా జాగ్రత్త పడాలి. వాహనం క్రింద పనిచేసేటప్పుడు జాకీని మాత్రమే నమ్మక, బరువుకు తగిన స్టాండులు పెట్టి, చక్రాలకు అడ్డులు వేయాలి.

== భారతదేశంలో ==

భారతదేశంలో పెట్రోలు మోటారు హోములు అరుదు. ఇక్కడ కారవాన్ అని పిలిచే వాహనాలను ఎక్కువగా డీజిలు వ్యానులు, బస్సుల చాసిస్‌ల మీద నిర్మిస్తారు. తెలుగునాట నివాస వసతి గల వాహనంగా మొదట ప్రసిద్ధి పొందినది నందమూరి తారక రామారావు 1982లో ఎన్నికల ప్రచారానికి వాడిన చైతన్య రథం. ఇది మార్పులు చేసిన ఒక పాత షెవ్రోలే వ్యాను. ఆయన కుమారుడు హరికృష్ణ దీనిని నడిపాడు.

డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గులు ఉండవు కనుక ఇగ్నిషను విభాగం వాటికి వర్తించదు. శీతలీకరణ, బెల్టులు, గొట్టాలు, ఆయిలు, నిల్వ గురించిన సూత్రాలు మాత్రం చాలావరకు వర్తిస్తాయి. అలాగే 2025 నాటికి భారతదేశంలో పెట్రోలులో ఇథనాలు మిశ్రమం 20 శాతానికి చేరింది. కాబట్టి పాత పెట్రోలు కార్లు, వ్యానులు ఉన్నవారు రబ్బరు ఇంధన గొట్టాల తనిఖీని నిర్లక్ష్యం చేయరాదు.

== ఇవి కూడా చూడండి ==

* అంతర్దహన యంత్రం
* పెట్రోలు
* ఇథనాలు
* రేడియేటరు
* కార్బన్ మోనాక్సైడు